నేవీనా, నలుపా, గోధుమా? ఉత్తరాంధ్ర ఉక్కలో పది బట్టలతో నెల గడిపే రంగుల ఎంపిక

దుకాణంలో కంటికి నచ్చే రంగు ఒకటి, ముఖానికి నప్పే రంగు ఇంకొకటి, ఇంట్లో ఉన్న మిగతా బట్టలతో కలిసే రంగు మరొకటి. ఈ మూడూ ఒకే గుడ్డలో కుదిరితే అది వారం వారం ఒంటిమీదికి వస్తుంది. మొదటిది మాత్రమే ఉంటే రెండుసార్లు కట్టాక బీరువా అడుగుకి పోతుంది. శ్రీకాకుళం జీటీ రోడ్డులో కొన్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్నా చాలామంది చేసే పొరపాటు ఒకటే. ముందు మంచి రంగున్న కుర్తీయో చొక్కాయో కొంటారు, ఆ తర్వాత దానికి తగిన లెగ్గింగో ఫ్యాంటో వెతుకుతారు. ఆ లెగ్గింగ్ ఇంకో కుర్తీకి పనికిరాదు. చేయాల్సింది తలకిందులుగా: ముందు ఒక ముదురు అడుగు రంగు (నడుము కింద వేసే ఫ్యాంటు, లెగ్గింగుల రంగు), దానికి తోడు ఒక లేత రంగు, ఆ రెండూ కుదిరాకే ముఖం పక్కన నిలిచే రెండు మూడు రంగులు.

లెక్క చూడండి. 3 ఫ్యాంట్లు, 7 చొక్కాలు ఉండి అన్నీ అన్నిటితో కలిస్తే 21 జతలు. ఆ మూడింట్లో ఒక ఫ్యాంటు మూడు చొక్కాలతోనే కలిస్తే 17కి పడిపోతుంది. రెండు ఫ్యాంట్లు అలాంటివైతే 13. డబ్బు అంతే పెట్టారు, జతలు మాత్రం ఎనిమిది పోయాయి. చొక్కాలో రంగు తప్పితే మూడు జతలు పోతాయి. అడుగు రంగులో తప్పితే ఏడు జతలు ప్రమాదంలో పడతాయి. అందుకే ఎక్కువ ఆలోచన అక్కడ పెట్టాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ముందుగా ఒక మాట. "ఏ రంగు వేసుకుంటే తెల్లగా కనిపిస్తాను" అన్న ప్రశ్నను పక్కన పెట్టేయండి. ఏ గుడ్డా చర్మాన్ని తెల్లబరచదు. ఆ ప్రశ్న వెంట పడి లేత గులాబీ, లేత నీలం కొనుక్కున్నవాళ్లే చివరికి కళతప్పి కనిపిస్తారు. నప్పే రంగు చేసే పని వేరు: చర్మం ఒకే తీరుగా కనిపించేట్టు చేస్తుంది, కళ్ల కింద నలుపునీ మూతి పక్క మచ్చల్నీ ముందుకు తోయదు, చూసేవాళ్ల చూపు బట్ట దగ్గర ఆగకుండా ముఖం మీదికి వెళ్లేట్టు చేస్తుంది.

చర్మం ఎంత ముదురన్నది ఒక సంగతి, దాని అడుగున ఏ ఛాయ ఉందన్నది ఇంకో సంగతి. ఇద్దరు చామనచాయవాళ్లలో ఒకరి చర్మంలో పసుపు మెరుపు ఉంటుంది, ఇంకొకరిలో ఎరుపు, నీలం కలిసిన చల్లదనం ఉంటుంది. ఒకే ఆవపిండి రంగు మొదటివారిలో వెలుగుతుంది, రెండోవారిని జ్వరం నుంచి లేచినట్టు చూపిస్తుంది.

మిగిలిన కొలతలు ఈ నేలవి. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు తేమతో కూడిన ఉక్క, జూన్ నుంచి నవంబరు దాకా వానలూ తుపాన్లూ, విజయనగరం వైపు ఎర్రమట్టి, చాలా ఇళ్లలో ఇనుము పాలు ఎక్కువున్న బోరు నీళ్లు. వీటికి తోడు పెళ్లిళ్లలో, గుళ్లలో ఏ రంగు వద్దంటారన్నదీ లెక్కలోకి రావాలి.

ఇంట్లోనే ఛాయ తేల్చుకోవడం

మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా అని చూసే పద్ధతి చామనచాయకీ అంతకన్నా ముదురు చర్మానికీ సరిగా పనిచేయదు. నరం రంగు పైనున్న చర్మపు రంగుతో కలిసి దాదాపు అందరికీ ఆకుపచ్చగానే కనబడుతుంది. గుడ్డతో చూసుకోవడమే నమ్మదగ్గది.

ఉదయం ఎనిమిదీ పదీ మధ్య, నేరుగా ఎండ పడని వీధి అరుగు మీద గానీ ఉత్తరం కిటికీ దగ్గర గానీ నిలబడండి. పక్కన నీలం, ఆకుపచ్చ సున్నం వేసిన గోడ ఉండకూడదు. ఆ రంగు ముఖం మీదికి తిరిగి పడి పరీక్షనే మార్చేస్తుంది. ముఖం కడిగి పౌడరు లేకుండా, జుట్టుని తెల్ల తువ్వాలుతో కట్టేసి, మెడ కింద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. మొదటి జత: మంచులాంటి తెలుపు, గంధం రంగు. రెండో జత: ఇటుక ఎరుపు, రాణి రంగు. ఒక్కోదాన్ని పది సెకన్లు ఉంచి మార్చాలి. చూడాల్సింది గుడ్డని కాదు, కళ్ల కింద, ముక్కు పక్క మడతలు, గడ్డం అంచు.

గంధం, ఇటుక గెలిస్తే వెచ్చని ఛాయ. తెలుపు, రాణి గెలిస్తే చల్లని ఛాయ. ఒక్కో జతలో ఒక్కోటి గెలిచినా, తేడా తేలకపోయినా మధ్యస్థం. ఫోను కెమెరాతో తేల్చుకోవద్దు. వెలుతురుని బట్టి అది రంగుని తనంతట తనే సరిచేస్తుంది, పైగా చాలా ఫోన్లలో ముఖాన్ని నునుపు చేసే ఏర్పాటు ముందే వేసి ఉంటుంది. పక్కన ఇంకో మనిషి ఉండి అద్దంలో చూసి చెబితే మేలు.

అడుగు రంగు: ఆరింటి పోలిక

నడుము కింద వేసే రంగుకి ముఖంతో పెద్దగా పని లేదు. ఛాయ లెక్క మెడ నుంచి ఛాతీ దాకానే. అందుకే ఇక్కడ వాతావరణానికీ కలిసే గుణానికీ ఎక్కువ మార్కులు.

| అడుగు రంగు | చెమట | ఎండ, ఉతుకు | ఎర్రమట్టి, వాన | శుభకార్యం, గుడి | పై రంగులతో |
|---|---|---|---|---|---|
| నలుపు | తడి కనపడదు, ఆరాక ఉప్పు గీతలు కనబడతాయి | త్వరగా బూడిద తేలుతుంది | ఆరిన బురద తెలుస్తుంది | చాలా ఇళ్లలో వద్దంటారు | అన్నిటితో, లేతవాటితో మరీ గట్టిగా |
| నేవీ | తడి దాదాపు కనపడదు | నెమ్మదిగా వెలుస్తుంది | కొంత దాస్తుంది | ఇబ్బంది లేదు | నలుపు ఒక్కటి తప్ప దాదాపు అన్నీ |
| మధ్య బూడిద | తడి మచ్చ బాగా కనబడుతుంది | వెలిసినా తెలియదు | మచ్చ కనబడుతుంది | కళ తక్కువ | చల్లని రంగులతో |
| గోధుమ, కాకీ | ముదురైతే ఫరవాలేదు, లేతదైతే కనబడుతుంది | నిలుస్తుంది | అన్నిటికన్నా బాగా దాస్తుంది | పగటి పనులకి | తెలుపు, నేవీ, ఆకుపచ్చ |
| మెరూన్ | కనపడదు | మొదటి ఉతుకుల్లో రంగు దిగుతుంది | దాస్తుంది | చాలా బాగుంటుంది | గంధం, ఆవపిండి రంగు, ముదురు పచ్చ |
| బాటిల్ గ్రీన్ | కనపడదు | మధ్యస్థం | కొంత దాస్తుంది | చాలా బాగుంటుంది | మీగడ, కనకాంబరం, ఆవపిండి రంగు |

ఒక్కటే కొనగలిగితే నేవీ. మొహమాటం లేకుండా చెప్పే సలహా ఇది. నలుపు చేసే పనిలో ఎక్కువ భాగం నేవీ చేస్తుంది, నలుపుకున్న రెండు పెద్ద ఇబ్బందులు దానికి లేవు. మొదటిది వెలవడం. నల్ల నూలు గుడ్డ మన ఎండలో ఆరేసిన కొన్ని నెలలకే బూడిదగానో ఎర్రగానో తిరుగుతుంది. పక్కన కొత్త నల్ల చొక్కా వేస్తే పాతది ఇంకా పాతగా కనబడుతుంది. నేవీ వెలిసినా నీలమే. రెండోది ఆచారం. గృహప్రవేశానికీ పెళ్లికీ నలుపు వేసుకొస్తే పెద్దవాళ్లు మొహం ముడుచుకునే ఇళ్లు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి. అరసవల్లి దర్శనానికో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికో బట్ట తీస్తున్నప్పుడు నల్ల లెగ్గింగుల వరుస ఎందుకూ కొరగాదు. మగవాళ్లకైతే ఇంకోటి: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్ల చొక్కా, నల్ల పంచె అయ్యప్ప మాలధారుల గుర్తు.

నలుపు అక్కరకొచ్చే చోటూ ఉంది. చల్లని ఛాయ ఉండి, సాయంత్రపు వేడుకలు ఎక్కువగా ఉండి, ఇంట్లో అభ్యంతరం లేనివాళ్లు ఒకటి ఉంచుకోవచ్చు. నూలుకి బదులు పాలియెస్టర్ కలిసిన నలుపైతే రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఉక్క మాత్రం పెరుగుతుంది.

మధ్య బూడిద గురించి హెచ్చరిక. గుడ్డ తడిస్తే ముదురవుతుంది. తెలుపులో, బాగా ముదురు రంగుల్లో ఆ తేడా కంటికి ఆనదు. బూడిద, ఆకాశనీలం లాంటి మధ్య రంగుల్లో చంక కింద, వీపు మీద దేశపటంలా తేలుతుంది. బస్సులో గంట నిలబడి వెళ్లేవాళ్లు ఈ రెండు రంగుల్లో సాదా గుడ్డ తీసుకోవద్దు. చిన్న చిన్న పువ్వులో సన్నగళ్లో ఉంటే మచ్చ కలిసిపోతుంది.

గోధుమ, కాకీలకి దొరకాల్సిన పేరు దొరకలేదు. సాలూరు, పార్వతీపురం దారుల్లో వానాకాలం బండి మీద తిరిగే మనిషికి ముదురు కాకీ ఫ్యాంటుని మించింది లేదు. ఎర్రమట్టి రంగు ఇనుప తుప్పు లాంటిదే, బ్లీచింగుకి పోదు, పైగా గుడ్డ నూలు దెబ్బతింటుంది. లేత ఫ్యాంటు మీద పడ్డ బురద తడిగా ఉండగా రుద్దకూడదు. ఆరనిచ్చి దులిపి, తర్వాత సబ్బు పెట్టాలి.

లేత రంగు: మంచు తెలుపు, మీగడ, గంధం

పాలకన్నా తెల్లగా మెరిసే గుడ్డలో మెరుపు తెచ్చే రసాయనం ఉంటుంది. అది పగటి వెలుతుర్లో నీలిగా వెలుగుతుంది. చల్లని ఛాయకీ బాగా ముదురు చర్మానికీ ఆ నీలి మెరుపు అందంగా ఉంటుంది. పసుపు మెరుపున్న చామనచాయ పక్కన అదే తెలుపు ముఖాన్ని మాసినట్టు చూపిస్తుంది. వాళ్లకి మీగడ రంగే సరైన తెలుపు. బ్లీచ్ చేయని పత్తి సహజంగా ఉండే రంగు అదే. పొందూరు ఖాదీలో కనిపించే ఆ మెత్తని తెలుపు ముఖాన్ని కొట్టదు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకి, చేత్తో సన్నని నూలు వడికి నేసిన గుడ్డ కాబట్టి ఉక్కలో గాలి ఆడుతుంది. ధర ఎక్కువే. నాలుగు మిల్లు చొక్కాలకి బదులు ఒకటి కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఆ ఒక్కటీ ఈ రంగులోనే తీసుకోవచ్చు.

బోరు నీళ్లున్న ఇంట్లో మంచు తెలుపు ఆర్నెల్లు నిలవడం కష్టం. నీటిలోని ఇనుము గుడ్డకి పట్టి పసుపు తేలుతుంది. దాన్ని పోగొట్టాలని క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఇనుము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నీలిమందు ఎక్కువ పోస్తే మచ్చలు మిగులుతాయి. చెమటకి చంకలో వచ్చే పసుపు మీదా ఈ బ్లీచ్ పనిచేయదు, ముదురు చేస్తుంది. మీగడ, గంధం రంగుల్లో ఈ పసుపు తెలియనే తెలియదు. ఈ ఒక్క కారణానికే చాలా ఇళ్లకి మంచు తెలుపు కన్నా మీగడ లాభం.

గంధానికి ఒక షరతు: మీ చర్మపు రంగుకి మరీ దగ్గరగా ఉండకూడదు. పసిమి చాయవాళ్ల మెడ దగ్గర లేత గంధం చర్మంలో కలిసిపోయి బట్ట ఎక్కడ మొదలైందో తెలియదు. వాళ్లు ముదురు గంధానికో మీగడకో జరగాలి.

ముఖం పక్కన రంగులు

వెచ్చని ఛాయకి: ఆవపిండి రంగు, ఇటుక, మిరపపండు ఎరుపు, బాటిల్ గ్రీన్, కనకాంబరం. లేత ఊదా, ఉక్కు బూడిద దూరం పెట్టండి. చల్లని ఛాయకి: రాణి, నేరేడు పండు రంగు, మంచి ముదురు నీలం, మందార ఎరుపు. ఆవపిండి రంగు, గోరింటాకు పచ్చ ముఖాన్ని వాడ్చేస్తాయి. మధ్యస్థానికి: నెమలికంఠం, మెరూన్, వంగపండు. ఈ మూడూ దాదాపు ఎవరినీ పాడుచేయవు. ఛాయ తేలని మనిషికి కానుకగా బట్ట పెట్టాలంటే వీటిలోంచే తీయండి.

ముదురు చాయవాళ్లకి దశాబ్దాలుగా ఇచ్చిన చెడ్డ సలహా ఒకటి ఉంది: "లేత రంగులు వేసుకో, గాఢమైనవి వద్దు" అని. నిజం దానికి ఎదురుగా ఉంటుంది. పసుపు, రాణి, నెమలికంఠం, మంచు తెలుపు, మిరపపండు ఎరుపు ముదురు చర్మం మీద పండినంతగా ఇంకెవరి మీదా పండవు. పాలు కలిపినట్టుండే బూడిద గులాబీ, మసక గోధుమ లాంటి చచ్చుబడ్డ రంగులే వాళ్లకి నప్పనివి. ముఖ్యంగా చర్మమంత ముదురున్న గోధుమ రంగుని మెడ దగ్గరికి రానివ్వకూడదు.

జుట్టు నెరిసినకొద్దీ లెక్క మారుతుంది. నల్ల జుట్టుకీ ముఖానికీ ఉన్న తేడా తగ్గిపోయాక తెలుపు-నలుపు లాంటి గట్టి జతలు మనిషి కన్నా ముందు నడుస్తాయి. అప్పుడు నేవీ-మీగడ, మెరూన్-గంధం నప్పుతాయి. గోరింటాకు పెట్టి జుట్టు ఎర్రబడ్డవాళ్లు వెచ్చని రంగుల వైపు ఒక అడుగు వేస్తే జుట్టూ బట్టా కలుస్తాయి.

నప్పని రంగు ముచ్చటపడి కొనేశారా, చుడీదారైతే దారి ఉంది. ముఖానికి దగ్గరుండేది కుర్తీ కాదు, చున్నీ. ఆవపిండి కుర్తీ మీద మెరూన్ చున్నీ మెడ చుట్టూ వేస్తే ముఖం మీద పడే రంగు మెరూనే. మగవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. కాలరు రంగే వాళ్ల రంగు.

చీరలు: జాకెట్టు దగ్గరే ఆదా

ప్రతి చీరకీ దాని ముక్కతోనే జాకెట్టు కుట్టిస్తే 12 చీరలకి 12 జాకెట్లు, ఒళ్లు కాస్త మారితే అన్నీ పక్కకి. రంగు ముందు ఆలోచించుకుంటే ఐదు చాలు: మెరూన్, నెమలికంఠం, బాటిల్ గ్రీన్, ముదురు గంధంలో జరీ ఉన్నది, రాణి లేక వంగపండుల్లో మీకు నప్పింది. చీర ఒంటి రంగుతో కాకుండా అంచు రంగుతో జత చూడాలి. జరీ అంచున్న ఏ పట్టు చీరకైనా జరీ గంధం జాకెట్టు కలుస్తుంది. ఆవపిండి, మీగడ, ముదురు పచ్చ చీరలకి మెరూన్. కనకాంబరం, రాణి, పసుపు చీరలకి నెమలికంఠం.

పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు వేసి నేసిన గుడ్డకి ఇంకో లాభం ఉంది. నీలం, ఆకుపచ్చ దారాలు కలిసిన నెమలికంఠం ముక్క నీలం చీరతో నీలంగానూ పచ్చ చీరతో పచ్చగానూ కలుస్తుంది. కొనేటప్పుడు గుడ్డని ఏటవాలుగా పట్టుకుని తిప్పండి, రెండు రంగులూ విడివిడిగా తేలితే అది దొరకాల్సిన గుడ్డే.

చెమట ఇక్కడ అన్నిటికన్నా ఖరీదైన శత్రువు. కనకాంబరం, చిలకపచ్చ పట్టు జాకెట్లలో చంక తడి వెంటనే కనబడుతుంది, ఆరాక మచ్చ పోదు. పెళ్లిపందిట్లో గంటల తరబడి నిలబడేవాళ్లు ముదురు రంగులకే పరిమితం కావడం మంచిది. లైనింగ్ గుడ్డ జాకెట్టు రంగులోనే తీసుకుని, కుట్టకముందు రాత్రంతా నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగు కుదించుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుంది, లేదా దాని రంగు చెమటకి దిగి పట్టుకి అంటుతుంది. మోచేతుల దాకా చేతులు కావాలంటే మీటరు గుడ్డ తీసుకోండి. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క పొట్టి చేతులకే సరిపోతుంది.

ఎవరికి ఏ జత

రోజూ విశాఖకి రైల్లో వెళ్లొచ్చే ఉద్యోగి: నేవీ ఫ్యాంట్లు రెండు, ముదురు కాకీ ఒకటి. మీగడ చొక్కాలు రెండు, సన్నగళ్ల తెలుపు రెండు, మెరూన్ ఒకటి, ముదురు పచ్చ ఒకటి, లేత గులాబీ గానీ లేత పసుపు గానీ ఛాయని బట్టి ఒకటి. 21 జతలూ కలుస్తాయి.

పాఠాలు చెప్పేవాళ్లకి సుద్దముక్క పొడి ఉంటుంది కాబట్టి నలుపూ సాదా నేవీ పైభాగంలో వద్దు. ముదురు అచ్చు పువ్వులున్న నూలు చీరలు, గంధం, ఇటుక రంగులు పొడిని దాస్తాయి. కాలేజీ అమ్మాయికి రెండు నేవీ, ఒక మీగడ, ఒక మెరూన్ లెగ్గింగులు, ఎనిమిది కుర్తీలు, మూడు చున్నీలు చాలు. అచ్చు కుర్తీ కొనేటప్పుడు ఆ అచ్చులో ఈ మూడు అడుగు రంగుల్లో ఏదో ఒకటి చిన్న చుక్కగానైనా ఉందేమో చూసుకోవాలి.

కొనే ముందూ, కొన్నాకా

ఎల్‌ఈడీ దీపాల కింద నేవీ నల్లగా కనబడుతుంది, మెరూన్ గోధుమగా కనబడుతుంది. గుడ్డని గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతుర్లో చూడండి. దుకాణదారు అడ్డు చెప్పడు. తడి తెల్ల చేతిరుమాలుతో లోపలి అంచు మీద పదిసార్లు రుద్దండి. రుమాలుకి రంగు గట్టిగా అంటితే ఆ బట్ట మీ మీగడ కుర్తీనీ పాడుచేస్తుంది, తీసుకోవద్దు. లేతగా అంటితే మూడు నాలుగు ఉతుకులు చల్లని నీళ్లలో విడిగా ఉతకాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందన్న నమ్మకం మీద ఆధారపడకండి, ఇప్పటి రంగులకి అది పెద్దగా పనిచేయదు.

ముదురు బట్టల్ని తిరగేసి నీడలో ఆరేయాలి. వానాకాలంలో లేత బట్టలు తడిగా మడతపెడితే నల్ల బూజు చుక్కలు పడతాయి, అవి పోవడం కష్టం. ఒక పూట ఆలస్యమైనా ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. పెళ్లిలో పసుపు అంటుకుంటే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, అది మామూలే. ఉతికి నేరుగా ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. తెలుపు, మీగడలకి ఇది సరే, ముదురు బట్టకైతే మచ్చ ఉన్న చోటే ఎండ తగలనివ్వండి.

ఇంట్లో ఉన్న ప్రతి ఫ్యాంటు, లెగ్గింగు, జాకెట్టు లోపలి కుట్టు మార్జిను నుంచి గోరంత ముక్క కత్తిరించి, ఒక పాత పెళ్లికార్డు వెనక వరుసగా పిన్ను కొట్టి పర్సులో ఉంచుకోండి. కొత్త గుడ్డని గుమ్మం వెలుతుర్లో ఆ కార్డు పక్కన పెట్టి చూడాలి. కనీసం మూడు ముక్కలతో కలిస్తేనే బిల్లు వేయించాలి.